గెడకు కట్టిన ఎర్ర గుడ్డ

కాకినాడ దగ్గర ఒక పల్లెలో వేట మీద బతికే కుటుంబం ఒకటి ఉండేది. తాత, నాయనమ్మ, వాళ్ల కొడుకు, పెద్ద కోడలు, మనవడు, ఆ మనవడికి నిరుడు వేసవిలో చేసుకున్న కొత్త కోడలు. ఆ ఏడాది వాళ్లు పాత బోటు అమ్మేసి, చాలనిదానికి అప్పు తెచ్చి, కొత్త ఫైబర్ బోటు కొని ఇంజను బిగించుకున్నారు. బోటు ఏ అడ్డూ లేకుండా నీళ్లలోకి దిగితే దాన్ని అంతర్వేది తీర్థానికి తీసుకొచ్చి స్వామి ముందు నిలబెడతానని నాయనమ్మ మొక్కుకుంది. మనుషులను తీసుకొస్తానని మొక్కి ఉంటే యానాం వంతెన దాటి అమలాపురం మీదుగా బస్సులో హాయిగా వెళ్లిపోయేవాళ్లు. ఆమె మొక్కింది బోటును. మొక్కుకునేటప్పుడు డీజిల్ ధర ఎవరికీ గుర్తుండదు.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగుతుంది. మర్నాడు భీష్మ ఏకాదశికి రథం లాగుతారు. పున్నమికి సముద్రంలో చక్రస్నానం. దశమి సాయంత్రానికి చేరుకుని, పున్నమి దాకా ఉండి, ఆ మర్నాడు తిరిగి రావాలని ఇంట్లో అనుకున్నారు. మాఘం సముద్ర ప్రయాణానికి మంచి నెల. తుఫానుల కాలం దాటిపోయి ఉంటుంది, వేసవి గాలులు ఇంకా మొదలై ఉండవు. తీర్థం అయ్యేదాకా నీచు ముట్టకూడదు కనుక బోటును రెండు రోజుల ముందే కడిగారు. వలలు దించేశారు, ఐసు పెట్టెలు తీసేశారు. పసుపు నీళ్లు చల్లి, ముందు అణియానికి కుంకుమ బొట్లు పెట్టి, బంతి దండ కట్టారు. అంత కడిగినా పీతల వాసన మాత్రం ఒక మూల అలాగే ఉండిపోయింది. నాయనమ్మ ఆ మూలన అగరొత్తులు గుచ్చి ఊరుకుంది.

కథ సాగే ముందు ఆ ఇంట్లో ఎవరి మాటకు ఎంత బరువుందో చెప్పాలి.

తాత తెరచాప రోజుల నాటివాడు. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ముంచెత్తినప్పుడు, దానికి ముందు రోజే ఆకాశం రంగు చూసి వేటకు వెళ్లనని కూర్చున్నాడు. ఆ వారం చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో బోట్లు తిరిగి రాలేదు. ఆయన ఇంటి బోటు మాత్రం ఒడ్డునే ఉంది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో సముద్రం గురించి ఆయన మాటకు ఎదురు లేదు. అంతకు పదేళ్ల ముందు, 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చి మొగలన్నీ తారుమారైనప్పుడు, అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగలో బోట్లు పోయే దారిని వెతికి పట్టిన నలుగురైదుగురిలో ఆయన ఒకడు. ఏ కొబ్బరిచెట్టును ఏ గోపురానికి సూటిగా తెచ్చుకుంటే అడుగున నీరుంటుందో ఆయన నిద్రలో కూడా చెప్పగలడు. ఎవరూ అడగకపోయినా చెబుతాడు కూడా.

మనవడు పాలిటెక్నిక్ చదివి, ఉద్యోగం దొరక్క వేటలోకి వచ్చాడు. అతని దగ్గర అరచేతిలో పట్టే జీపీఎస్ పెట్టె ఉంది. ఒక జనవరి తెల్లవారుజామున సముద్రం మీద దట్టంగా మంచు పట్టి, తండ్రికి ఒడ్డు ఏ వైపుందో తెలియకుండా పోయినప్పుడు, అతను ఆ పెట్టె చూసుకుంటూ బోటును నేరుగా ఉప్పుటేటి నోట్లోకి తెచ్చాడు. వెనక ఇంకో మూడు బోట్లు అతని దీపం పట్టుకుని వచ్చాయి. దానితో ఆ ఇంట్లో రెండో మాట ఒకటి తలెత్తింది.

ఇద్దరి గొప్పా ఉత్తదేం కాదు. ఇద్దరూ తమ తెలివితో ప్రాణాలు కాపాడినవాళ్లే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇద్దరి మధ్య నలిగేవాడు తండ్రి. బోటు ఆయనది, అప్పు ఆయన పేర చేసినది, చుక్కాని ఆయన చేతిలో ఉండేది. మాట మాత్రం ఎప్పుడూ ఆయనది కాదు.

ఇక కొత్త కోడలు. ఆమెది మెట్ట ప్రాంతం. పుట్టింటివాళ్లదీ చేపల బతుకే గాని, చెరువు చేపలు. వాళ్ల ఊరి చెరువులో ఏటా వేసవిలో మట్టి తవ్వి పొలాలకు తోలుకుంటారు. వానలు పడి చెరువు నిండాక ఏ గొయ్యి ఎక్కడుందో పైకి కనబడదు. నిరుడు మోకాలులోతు ఉన్న చోట ఈ ఏడు నిలువులోతు ఉంటుంది. అందుకని ఆ ఊళ్లో ఎంత ఈతగాడైనా ముందు కర్ర వేసి చూసుకుని గాని చెరువులో అడుగు పెట్టడు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో ఈ అలవాటు ఒకటి. అత్తవారు దాన్ని సారెలో లెక్క వేయలేదు.

దశమి నాడు ఇంకా చీకటి ఉండగానే అందరూ బోటెక్కారు. కొత్త కోడలు ఎక్కుతూనే నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుంది. పెద్ద కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. పట్టుచీర మీద లైఫ్ జాకెట్ అంతకుముందు ఆ పల్లెలో ఎవరూ చూసి ఉండరు. తర్వాత ఆమె, ఈ బోటు తేలాలంటే అడుగున ఎంత నీరుండాలని భర్తను అడిగింది. అతను సరదాగా తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె సరదాగా తీసుకోలేదు. బోటులో పడి ఉన్న వెదురు గెడను అతని పక్కన నిలబెట్టి, నడుముకు ఒక జాన పైన గోటితో గీత పెట్టి, పాత చీర అంచు చింపి ఆ గీత మీద ఎర్ర గుడ్డ పీలిక కట్టింది. గుడ్డ తడిస్తే నీరు చాలినంత ఉన్నట్టు, పొడిగా ఉంటే లేనట్టు.

ఉప్పుటేటిలో పోతున్నంతసేపూ ఆమె గెడ వేసి చూసింది. ప్రతిసారీ గుడ్డ తడిసింది. అఖాతం దాటి, హోప్ ఐలాండ్ ఉత్తరపు కొసను చుట్టి, పెద్ద సముద్రంలో పడ్డాక గెడకు నేల అందలేదు. ఆమె చేతులు కూడా నీళ్లలోకి పోయి, గెడ జారిపోబోయింది. తాత సముద్రానికి కర్రతో కొలతలేమిటని చిరాకు పడ్డాడు. ఆమె సిగ్గుపడి గెడను లోపల పెట్టేసి, అణియం దగ్గర ముడుచుకుని కూర్చుంది.

హోప్ ఐలాండ్ పేరుకు దీవి గాని, నిజానికి అది గోదావరి తెచ్చిపోసిన ఇసుకే. ఏరు తెచ్చిన ఇసుకను అలలు ఎత్తి ఒక వరుసలో పేర్చగా పేర్చగా దాదాపు 16 కిలోమీటర్ల పొడవున దిబ్బ కట్టింది. కాకినాడ రేవుకు అదే గోడ. ఇసుక ఒకచోట నిలబడేది కాదని చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం ఆ తీరంలో ఇంకోటి లేదు. ఆ కుటుంబం దాని పక్కనుంచే పోయింది. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

దక్షిణానికి తిరిగాక తగువు మొదలైంది. ఒడ్డు కనబడేంత దగ్గరగా పోవాలన్నది తాత పట్టు. గుర్తులు తెలుస్తాయి, ఇంజను ఆగిపోయినా గట్టెక్కవచ్చు. ఒడ్డుకు దూరంగా పోయి సూటిగా దిగాలన్నది మనవడి పట్టు. ఒడ్డు వెంట మెరకలుంటాయి, ఎవరెవరో వేసిన వలలు ఫ్యానుకు చుట్టుకుంటాయి. రెండింటిలోనూ న్యాయం ఉంది. ఏదో ఒకటి పట్టుకుని పోయి ఉంటే పొద్దు ఉండగానే చేరేవాళ్లు. తండ్రి తన తండ్రి కోసం కాసేపు కుడికి తిప్పాడు, కొడుకు కోసం కాసేపు ఎడమకు తిప్పాడు. అలా బోటు పాము మెలికలు తిరుగుతూ పోయింది. డీజిల్ రెండు దారులకూ సరిపడా ఖర్చయింది.

భైరవపాలెం ఎదురుగా వచ్చినప్పుడు మాత్రం తగువు ఆగింది. తాత తలపాగా తీసి గౌతమి మొగ వైపు దణ్ణం పెట్టాడు. 1996లో పోయినవాళ్లలో ఆయన ఎరిగినవాళ్లు చాలామంది ఆ ఊరివాళ్లు, బలుసుతిప్పవాళ్లు. కొంతసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

ఆ తర్వాత మనవడు తన భార్యకు శాక్రమెంటో లైట్‌హౌసు సంగతి చెప్పాడు. 1867 జూన్‌లో అమెరికావాళ్ల యుద్ధనౌక ఒకటి గోదావరి మొగ దగ్గర మెరకెక్కి అక్కడే పగిలిపోయింది. దాని పేరు శాక్రమెంటో. నావికులందరూ బతికి బయటపడ్డారు. ఆ మెరకకూ, అక్కడి దీపానికీ ఆ ఓడ పేరే మిగిలింది. యుద్ధనౌకలో పటాలూ, దుర్భిణులూ, చదువుకున్న అధికారులూ ఉండకపోరు. అయినా ఇసుక మీదికి ఎక్కింది. మనవడు ఈ సంగతిని పాతకాలపు ఓడలకు జీపీఎస్ లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలుగా చెప్పాడు. తాత పరాయి దేశంవాళ్లకు మన నీళ్లు తెలియకపోవడం వల్ల వచ్చిన తిప్పలుగా విన్నాడు. కొత్త కోడలు ఏమీ అనకుండా లోపల పెట్టిన గెడను మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం తిన్నారు. ఓడలరేవు దాటుతుండగా అంతర్వేది వైపు నుంచి బోటు ఒకటి ఎదురొచ్చింది. తండ్రి ఇంజను వేగం తగ్గించి, అంతర్వేది మొగ ఎలా ఉందో కనుక్కుందామనుకున్నాడు. ఆ మాట ఆయన నోటి దాకా వచ్చే లోపలే తాత ముఖం ముడుచుకుంది, మనవడు పెట్టెను గట్టిగా పట్టుకుని పక్కకు తిరిగాడు. ఎదురు బోటువాళ్లు చెయ్యి ఊపారు. వీళ్లూ చెయ్యి ఊపారు. రెండు బోట్లూ దాటిపోయాయి. ఆ పొద్దంతా తాతా మనవళ్లిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

తాత తిథిని బట్టి వేళ్ల మీద లెక్కకట్టి, ఆ రోజు పోటు సాయంత్రం అయిదింటి ప్రాంతానికి నిండుతుందని చెప్పాడు. లెక్క తప్పలేదు. తప్పింది బోటు వేళ. వాళ్లు మొగ ముందుకు వచ్చేసరికి సూర్యుడు కొబ్బరితోటల వెనక్కి దిగిపోయాడు. పోటు నిండి, నిలిచి, పాటు మొదలైంది. నదిలోని నీరు బయటికి లాగుతోంది. మాఘపు సముద్రం కనుక అలలు చిన్నవి. ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో ఆ మసక వెలుగులో తెలియలేదు. మామూలు రోజైతే ఆ ఊరి బోట్లు వస్తూ పోతూ దారి చూపేవి. తీర్థం రోజు కనుక ఒక్కరూ వేటకు దిగలేదు. బోట్లన్నీ లోపల కట్టేసి ఉన్నాయి. దూరంగా గుడి దీపాలు వెలిగాయి. మైకు పాట గాలికి వచ్చిపోతోంది.

వయసును బట్టి మొదటి అవకాశం తాతకు వచ్చింది. ఆయన నిలబడి, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు చూసి, గోపురాన్నీ లైట్‌హౌసునూ తన మనసులో ఉన్న వరుసలోకి తెచ్చుకుని చెయ్యి చాపాడు. బోటు అటు పోయింది. వంద గజాలు పోయిందో లేదో, అడుగున గరగరమంది. ఫ్యాను ఇసుకను చిమ్మింది, ఇంజను దగ్గి ఆగిపోయింది. తండ్రీ కొడుకులు నీళ్లలోకి దూకారు. నడి మొగలో వాళ్లకు నీరు తొడల దాకానే ఉంది. భుజం పెట్టి, అలతో పాటు ఊపి, ఎలాగో బోటును వెనక్కి నెట్టారు.

రెండో అవకాశం మనవడిది. నిరుటి మాఘంలో అతను ఇదే మొగలోంచి వచ్చిపోయాడు. ఆ దారి పెట్టెలో సన్నటి గీతగా ఉంది. తమ బోటు ఆ గీత మీద చుక్కగా కదులుతుంటే అతని ముఖం మీద ఆ వెలుగు పడింది. చుక్క గీత తప్పలేదు. గీత మీద ఉండగానే బోటు మళ్లీ ఎక్కింది. ఈసారి ఇంకా గట్టిగా. పాటుకు నీరు తగ్గుతున్నందువల్ల వెనక్కి నెట్టడానికి చాలాసేపు పట్టింది. నాయనమ్మ తన మొక్కులో ఎక్కడ లోపం జరిగిందోనని స్వామికి లెంపలు వేసుకుంది. పెద్ద కోడలు తన మెడలోని గొలుసు తీసి బొడ్లో దోపుకుంది.

తాతా మనవళ్లిద్దరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. అంతకు ముందటి జులైలో, అంటే 2022లో, గోదావరి మళ్లీ పొంగింది. భద్రాచలం దగ్గర 71.30 అడుగులకు ఎక్కింది. 1986లో 75.60 అడుగులు వచ్చిన తర్వాత అంత నీరు మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ వరదను ఇద్దరూ టీవీలో చూశారు. తమ ఊరికి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కనూ, దుంగలనూ చేతులతో ఏరారు. అంత నీరు మొగలోంచి పోయినప్పుడు అక్కడి ఇసుక కూడా పోతుందనీ, వరద తీశాక అలలు దాన్ని ఇంకోచోట పోస్తాయనీ ఇద్దరికీ తెలుసు. అడిగితే ఇద్దరూ చక్కగా వివరించి చెప్పేవాళ్లే. తమ తమ దారుల విషయంలో మాత్రం ఆ ఎరుక పనిచేయలేదు.

ఇప్పుడు వాళ్లు ఎవరి తప్పు పెద్దదని వాదించుకోవడం మొదలుపెట్టారు. తాత దారిలో ఒక్కసారే ఇంజను ఆగింది, మనవడి దారిలో రెండుసార్లు ఆగింది. తాత దారిలో నీరు తొడల దాకా ఉంది, మనవడి దారిలో మోకాళ్ల పైదాకానే ఉంది. ఇలాంటి లెక్కలు తేల్చుకునే లోపల నీరు ఇంకో వేలెడు దిగింది.

కొత్త కోడలు అణియం దగ్గర నిలబడి గెడ వేసింది. ఎవరూ వేయమనలేదు, ఎవరూ వద్దనలేదు, ఎవరూ చూడలేదు కూడా. మొదటి చోట గెడ రాయి మీద పడ్డట్టు ఠక్కున ఆగింది. గుడ్డ నీటికి చాలా పైన పొడిగా రెపరెపలాడింది. అటు జరిగి వేసింది. అంతే. కొంచెం పడమరగా వేసినప్పుడు ఇంకో సంగతి ఆమె చేతికి తెలిసింది. గెడ నేలను తాకే లోపలే దాని కింది కొసను నీరు పక్కకు లాగింది. చెరువులో ఆమె ఎన్నడూ ఎరగని లాగుడు అది. అయినా అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నీరు బయటికి పోతోంది, అది పోయే చోటే దారి ఉండాలి. ఆమె లాగుడు ఎటు ఎక్కువైతే అటు గెడ వేస్తూ, చెయ్యి మాత్రం వెనక్కి చాపి మామగారికి అటూ ఇటూ చూపించింది. తండ్రికి ఆ పొద్దు మొదటిసారిగా ఒకే ఒక చెయ్యి కనబడింది. ఇంజను నెమ్మదిగా పెట్టి ఆ చెయ్యి చూపినట్టు తిప్పాడు.

తాత దారికీ మనవడి దారికీ సరిగ్గా మధ్యన నీరు దొరికిందని చెబితే కథ అందంగా ఉండేది. అలా జరగలేదు. అది రెండింటికీ ఎంతో దూరంగా, బియ్యపుతిప్ప ఒడ్డుకు దగ్గరగా దొరికింది. అటు ఎప్పుడూ పోకూడదని ఇద్దరూ ఒక్కమాటగా అనుకునేవాళ్లు. అక్కడ గెడ దించితే ఎర్ర గుడ్డ మునిగింది. ఇంకో జానెడు కూడా మునిగింది. రెండు మూడుసార్లు తేలినట్టే తేలి మళ్లీ మునిగింది. గుడ్డ తేలిన ప్రతిసారీ ఆమె పిడికిలి ముడిచేది, తండ్రి ఇంజను తగ్గించేవాడు. అలా అంగుళం అంగుళం అడుక్కుంటూ ఆ కొత్త బోటు మొగ దాటి వశిష్ఠలోకి వచ్చింది. తడిసిన గుడ్డ రంగు కారి ఆమె అరచేతులు ఎర్రబడ్డాయి.

కల్యాణం తలంబ్రాల వేళకు అందుకున్నారు. మర్నాడు రథం లాగారు, తాడుకు చెయ్యి వేశారు. పున్నమి నాడు చక్రస్నానం చేశారు. నాయనమ్మ మొక్కు తీరింది. ఆ అయిదారు రోజుల్లో కొత్త కోడలి గెడ కథ పందిళ్లన్నీ తిరిగింది. తిరిగేకొద్దీ చీకటి పెరిగింది, అలలు పెద్దవయ్యాయి. ఆ దారికి కోడలి దారి అని పేరు కూడా పెట్టారు.

తిరుగు ప్రయాణం నాటికి ఇంట్లో గొడవలు లేవు. తాత ఒడ్డున నిలబడి, బియ్యపుతిప్ప వైపు రెండు చెట్లను చూసుకుని, కోడలి దారికి గుర్తులు మనసులో నాటుకున్నాడు. ఇక చచ్చేదాకా మరిచిపోడు. మనవడు ఆ రాత్రి బోటు పోయిన గీతను పెట్టెలో భద్రం చేసి, పాత గీతను చెరిపేసి, కొత్తదానికి భార్య పేరు పెట్టుకున్నాడు. పొద్దున్నే పోటు నిండుతుండగా బయలుదేరారు. పున్నమి వెనకటి పోటు కనుక వచ్చిన రోజుకంటే నీరు బాగా ఎక్కువగా ఉంది. పట్టపగలు, ఎండ. తాత చూపించిన చెట్లూ, పెట్టెలో గీతా ఒకే దారి చెప్పాయి. తండ్రి జీవితంలో అంత నిశ్చింతగా చుక్కాని పట్టిన రోజు లేదు. ఇంజను వేగం పెంచబోయాడు.

కొత్త కోడలు లైఫ్ జాకెట్ తొడుక్కుని, గెడ తీసుకుని అణియం దగ్గర నిలబడింది.

ఇంట్లో అందరికీ అది చాదస్తంగా తోచింది. దారి కనుక్కున్నది ఆమే, ఆ దారికి పేరూ ఆమెదే, ఇంకా దేనికి ఈ గెడ? మొహమాటానికి ఎవరూ పైకి అనలేదు. ఆమె గెడ వేస్తూనే ఉంది. గుడ్డ తడుస్తూ వచ్చింది. మొగ నడిమికి వచ్చాక, మొన్న ఇంకో జానెడు మునిగిన చోటే, గుడ్డ తడవలేదు. అంత పోటులో కూడా తడవలేదు. పున్నమికి పోటు ఎంత పొంగుతుందో పాటు కూడా అంత బలంగా లాగుతుంది. ఆ లాగుడుకు ఈ అయిదారు రోజుల్లోనే ఒక ఇసుక నాలుక దారికి అడ్డంగా సాగి వచ్చింది. ఆమె పిడికిలి ముడిచింది. తండ్రి ఇంజను తగ్గించాడు. గెడ పది బారల అవతల మళ్లీ నీటిని వెతికి పట్టింది. వాళ్లు సముద్రంలో పడి, ఆ రాత్రికి ఇల్లు చేరారు.

ఈ కథలో తాతకు గుర్తున్నదీ నిజమే, మనవడి పెట్టెలో ఉన్నదీ నిజమే, కాకపోతే రెండూ వరదకు ముందటి నీటికి నిజం. తమను ఒకప్పుడు గట్టెక్కించిన తెలివి మీద గౌరవం కొద్దీ ఇద్దరూ ఈ పూట లోతు చూడడం మానేశారు, ఎదురొచ్చిన బోటును అడగడం కూడా మానేశారు. కొత్త కోడలికి వాళ్లకంటే ఎక్కువేమీ తెలియదు, తెలియదన్న సంగతి మాత్రం తెలుసు గనుక మొదటిరోజు గెడ వేసింది. రెండోసారి మాత్రం తెలిసి కూడా వేసింది, తన పేరు పెట్టిన దారి మీద కూడా వేసింది. మనలో చాలామందికి చేతకానిది ఆ రెండోదే.